తుప్పు నీళ్ళ వైద్యం

మా పెదనాన్న చొక్కా జేబులో చిల్లిగవ్వ లేని రోజులున్నాయి గానీ, అయస్కాంతం లేని రోజు నేను చూళ్ళేదు. వేలెడంత నల్లటి ముక్క, ఒక చివర విరిగి ఉండేది, దాని నడుముకి దారం చుట్టి ఉండేది. ఆయనది పాత సామాన్ల కొట్టు. రోడ్డు చివర రేకుల షెడ్డు, ముందు పెద్ద త్రాసు, వెనక సొట్టపడ్డ గిన్నెలు, విరిగిన సైకిళ్ళు, ఫ్యాను మోటార్లు, తీగల చుట్టలు గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. ఎవరైనా ఇత్తడి అని ఏదైనా తెస్తే ముందు అయస్కాంతం ఆనించేవాడు. అంటుకుందంటే పైన పూత, లోపల ఇనుము. అంటుకోకపోతే అప్పుడు నోరు విప్పేవాడు. ఆ వీధిలో అందరూ ఆయన్ని ‘సూదంటురాయి’ అని మొహం మీదే పిలిచేవాళ్ళు. ఆయన పలికేవాడు కూడా.

నాన్న పోయాక నన్ను పెంచి పెద్దచేసింది పెదనాన్నా, పెద్దమ్మే. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు సంబంధం చూస్తున్న రోజుల్లో మా ఆయన మొదటిసారి ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చుంటే, పెదనాన్న ఉద్యోగం గురించి అడగలేదు, ఊరి గురించి అడగలేదు. “అబ్బాయి, ఆ గడియారం ఒకసారి ఇలా ఇస్తావా” అని తీసుకుని గొలుసుకి అయస్కాంతం ఆనించాడు. అంటుకోలేదు. “మంచి స్టీలే” అన్నాడు. పెదనాన్న ఒప్పుకున్నట్టు అదే లెక్క. ఆ రోజు చవక గడియారం పెట్టుకెళ్ళుంటే బ్రహ్మచారిగా మిగిలిపోయేవాణ్ణని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

“ఈ కొట్టుకి నిజం చెప్పడానికి ఎవడూ రాడమ్మా” అనేవాడు పెదనాన్న. “బరువు కోసం కాగితాలు తడిపి తెస్తారు. మోటారులో రాగి లాగేసి మట్టి కుక్కుతారు. నమ్మి చెడినవాడు లేడంటారు పెద్దలు. నమ్మి చెడినవాళ్ళ సామాన్లన్నీ నా షెడ్డులోనే ఉన్నాయి, వచ్చి చూసుకోమను.”

“అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికే నేను ఇన్నేళ్ళుగా వండి పెడుతున్నాను” అనేది పెద్దమ్మ. ఆవిడ మాటలు తక్కువ మనిషి. కానీ పలికిన మాట పప్పులో పంటికింద రాయిలా తగిలేది.

అరవై దాటాక ఆయనకి మూత్రం దగ్గర ఇబ్బంది మొదలైంది. మాటిమాటికీ లేచేవాడు, లేచినా పని అయ్యేది కాదు. ముందు నీళ్ళ మీద అనుమానపడ్డాడు, తర్వాత టీ కొట్టువాడి పాల మీద, ఆ తర్వాత పెద్దమ్మ ఏదైనా పసరు కలుపుతోందేమోనని. చివరికి నేనే పోరి తీసుకెళ్ళాను. రక్తం పరీక్షలో తేడా కనిపించింది. ముక్క తీసి చూశారు. ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అన్నారు.

ఆయన బెదరలేదు. నమ్మలేదు, అంతే. “సీసాలు మారిపోయుంటాయి” అన్నాడు. మరో చోట చేయించాడు. అక్కడా అదే మాట. ఊరికి అటు చివర, ఎవరికీ చెప్పకుండా, ఇంకో చోట చేయించుకొచ్చాడు. అక్కడా అదే. ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పకుండానే నిలబడి, “అందరూ ఒకటైపోయారు” అన్నాడు. పెద్దమ్మ ఆయన చేతిలోని సంచీ అందుకుంది.

అప్పట్నుంచి ఇంట్లో ఎవరు మెల్లగా మాట్లాడినా ఆయన చెవులు నిక్కబొడుచుకునేవి. నేను పెద్దమ్మతో వంటింట్లో ఏదైనా అంటుంటే తలుపు పక్కన చెప్పుల చప్పుడు ఆగేది. మాత్రలు ఒక దుకాణంలో కొని, పక్క వీధి దుకాణంలో చూపించి, ఇద్దరూ ఒకటే చెప్పాకే మింగేవాడు.

ఆపరేషన్ చేయించుకోనన్నాడు. పెద్ద ఆసుపత్రిలో క్యాన్సర్ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. నలభై దాటిన మనిషి, సన్నగా, కళ్ళ కింద నలుపుతో, నిద్ర చాలని మొహంతో ఉంది. ఆయన కాగితాలన్నీ చూసి, కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

“మీకు రేడియేషన్ ఇవ్వచ్చండీ. దాంతోపాటు ఇంకో వైద్యం ఉంది. అది ఇంకా పరీక్షలోనే ఉందని ముందే చెప్తున్నాను” అంది. “ఇనుప తుప్పు లాంటి పదార్థాన్ని చాలా సన్నటి రేణువులు చేసి నీళ్ళలో కలుపుతాం. ఒక వెంట్రుకని నిలువునా వేల పోగులు చీలిస్తే, ఒక్క పోగంత ఉంటుంది ఒక్కో రేణువు. ఆ నీళ్ళని సూదులతో గడ్డలోకి ఎక్కిస్తాం. తర్వాత మిమ్మల్ని ఒక యంత్రంలో పడుకోబెడతాం. దాంట్లో అయస్కాంత శక్తి దిక్కు మార్చుకుంటూ ఉంటుంది, రెప్ప వేసేలోపు వేలసార్లు. ఆ కుదుపుకి రేణువులు వేడెక్కుతాయి. పెద్ద జ్వరాన్ని మించిన వేడి, అదీ గడ్డ లోపలే పుడుతుంది. ఆ వేడికి క్యాన్సర్ కణాలు నీరసిస్తాయి. అప్పుడు రేడియేషన్ ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుందని మా ఆశ.”

“ఆశా?” అన్నాడు పెదనాన్న.

“ఆశేనండీ. రుజువు కాలేదు.”

పెదనాన్న నా వైపు తిరిగాడు. “విన్నావా? తుప్పు నీళ్ళట. జన్మంతా తుప్పు అమ్ముకుని బతికాను. ఇప్పుడు నాకే తుప్పు అమ్ముతున్నారు.”

“అమ్మడం లేదండీ. ఊరికే చేస్తాం” అంది డాక్టరమ్మ.

ఆ ‘ఊరికే’ అన్న మాట వినగానే పెదనాన్న చెయ్యి జేబు మీదకి పోయింది. ఆయన లోకంలో ఊరికే వచ్చేది దెబ్బ ఒక్కటే.

“మీ గడ్డ ఒక పక్కనే, ఒకే ముద్దగా ఉంది. అందుకే మీకు సరిపోతుందని అడుగుతున్నాను. వద్దంటే వద్దు. రేడియేషన్ ఎలాగూ ఇస్తాం” అని ఆవిడ లేచింది.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి పెదనాన్న అన్నాడు: “వద్దంటే వద్దంది చూశావా? బేరం తెలిసినవాళ్ళ పని అది. సరుకు మీంచి చెయ్యి తీసేస్తే కొనేవాడే వెంటపడతాడు.”

“అయితే వద్దని చెప్పేద్దామా?”

“ఎందుకు చెప్పడం? లోపలికి దిగితే గానీ లోతు తెలీదు.”

అలా ఒప్పుకున్నాడు. వైద్యం కోసం ఒప్పుకున్నాడో, మోసం పట్టుకోవడానికి ఒప్పుకున్నాడో నేను చెప్పలేను. ఆయన కూడా చెప్పలేడనుకుంటాను.

ఆ డాక్టరమ్మ గది బయట పొడుగాటి బల్ల ఉండేది. అక్కడే పరిచయమయ్యాడు మేస్త్రి. తాపీ పని చేసి చేసి వేళ్ళ చివర్లు సిమెంటు తిన్నట్టు గరుకుగా ఉండేవి. ఆయనకి ఈ వైద్యం అంతకు ముందే అయింది, చూపించుకోవడానికి వస్తుంటానన్నాడు. మేం ఎప్పుడు వెళ్ళినా ఆయన అక్కడే ఉండేవాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడి పక్కకీ జరిగి కూర్చునేవాడు.

“ఏం లేదన్నా” అన్నాడు పెదనాన్నతో. “చలికాలం పొద్దున ఎండలో గోడ మీద కూర్చున్నట్టుంటుంది. కాసేపు పడుకోవడం, లేచి ఇంటికి పోవడం. నన్ను చూడు, రాయిలా ఉన్నాను.”

పెదనాన్న ఆయన్ని ఎగాదిగా చూసి, నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు. “వేలంపాటల్లో వీళ్ళని చాలామందిని చూశాను. పాత లారీ వేలం వేస్తారనుకో. గుంపులో ఒకడుంటాడు. ‘అబ్బ, ఇంజను బంగారం’ అంటుంటాడు. కొనడు. అమ్మేవాడి మనిషి వాడు. దొంగపాట పాడేవాడు. ఈ మేస్త్రి వాడే.”

“అందరూ నీ వేలంపాటలో వాళ్ళేనా పెదనాన్నా?”

“జబ్బు తగ్గినవాడు ఇంట్లో ఉంటాడమ్మా. ఆసుపత్రి బల్ల అరిగేలా కూర్చోడు.”

నేను నవ్వి కొట్టిపారేశాను. కానీ ఆయన అనుమానం పొగలాంటిది, పక్కనున్నవాళ్ళ బట్టలకీ పడుతుంది. రెండు వారాల తర్వాత అదే మేస్త్రి లోపల నర్సుతో ఏదో చెప్పి నవ్వుతూ, నన్ను చూడగానే మాట ఆపేయడం చూశాను. ఇంకో రోజు డాక్టరమ్మ మమ్మల్ని చూసి, చదువుతున్న కాగితాన్ని బోర్లించింది. అది వేరేవాళ్ళదై ఉండవచ్చు. ఆ రోజు మాత్రం ఇంటికెళ్ళాక మా కాగితాలన్నీ తీసి తేదీలు సరిచూశాను.

నీళ్ళు ఎక్కించే రోజు వచ్చింది. మత్తు ఇస్తామన్నారు. అది ఆయనకి అన్నిటికంటే కష్టమైంది. “నిద్రపుచ్చి చేసే పని మంచిపని ఎలా అవుతుంది?” అన్నాడు. సూదుల దగ్గర కదలకూడదని డాక్టరమ్మ చెప్పింది. లోపలికి తీసుకెళ్ళే ముందు ఆయన పట్టుబట్టి సీసా చూపించమన్నాడు. చూపించారు. గిన్నెలో నిలవున్న డికాక్షన్ రంగు, నలుపుకి దగ్గర గోధుమ. తలుపు మూసుకునేదాకా ఆయన చూపు ఆ సీసా మీదే ఉంది.

అంతా సవ్యంగానే జరిగిందన్నారు. ఇంటికి తీసుకొచ్చాం. మర్నాడు పొద్దున పెద్దమ్మ నన్ను పిలిచి, “మీ పెదనాన్న స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపయింది, నీళ్ళ చప్పుడు లేదు” అంది. తలుపు కొడితే గడియ వెయ్యలేదు, తెరుచుకుంది. ఆయన పంచె సర్దుకుని, పొత్తికడుపు కింద అయస్కాంతం ఆనించుకుని, దారం పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుపడలేదు.

“రావడం లేదు” అన్నాడు. “కొంచెం కూడా లాగడం లేదు. లోపల ఇనుముంటే తెలియదా? రంగు నీళ్ళు పోసి పంపించారు.”

ఎంత చెప్పినా వినలేదు. యంత్రంలో మొదటిసారి పడుకోవలసిన రోజు మంచం దిగలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి, చెప్పడానికే నామోషీగా, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “అయస్కాంతం తీసుకుని రమ్మనండి” అంది.

వెళ్ళాం. ఆవిడ గాజు పలక మీద ఆ నీళ్ళ చుక్క ఒకటి వేసింది. సొరుగులోంచి ఒక అయస్కాంతం తీయబోతే పెదనాన్న, “మీది వద్దమ్మా, నాది ఉంది” అన్నాడు. ఆయనే పలక కింద ఆనించి మెల్లగా జరిపాడు. చుక్క ముందు బద్ధకంగా సాగి, తర్వాత నత్తలాగా దాని వెంట జరిగింది. ఇటు తిప్పితే ఇటు వచ్చింది.

“మరి నా ఒంట్లో ఎందుకు లాగలేదు?”

“చిటికెడు కూడా ఉండదండీ మీ లోపల. అదీ ఒంటి నడిమధ్య ఉంది. ఇంత చిన్న అయస్కాంతానికి అంత దూరం అందదు.” ఆవిడ స్కాను తీసి వెలుతురులో పెట్టింది. బూడిద రంగు మధ్యలో తెల్లటి చుక్కలు, గింజలు చల్లినట్టున్నాయి. “ఇవి ఆ రేణువులే.”

“సీసాలో ఉన్నది ఇనుమే, కాదనను” అన్నాడు పెదనాన్న. “నాలో పోసింది ఆ సీసాయేనా? ఈ బొమ్మ నాదేనా? పైన పేరుంది, నిజమే. పేరు రాయడానికి ఎంతసేపు?”

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ మాత్రం కాస్త ఆలోచించింది. “అది మీకు నేను రుజువు చెయ్యలేను. మీరు మెలకువగా ఉండగా పోయలేదు కదా. యంత్రంలో పడుకోండి. మధ్యలో లేచిపోవాలనిపిస్తే చెయ్యి ఎత్తండి, వెంటనే ఆపేస్తాం” అంది.

యంత్రం ఉన్న గదిలో లోహమన్నది ఉండకూడదు. ఉంగరం, బెల్టు, తాళాలు, చివరికి అయస్కాంతం కూడా తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇచ్చేటప్పుడు వేళ్ళు వెంటనే వదల్లేదు. నేనూ, పెద్దమ్మా గాజు అద్దం ఇవతల నిలబడి చూశాం. రెండు పెద్ద దిమ్మల మధ్య మంచం, పైన ఒకటి, కింద ఒకటి, రొట్టెముక్కల మధ్య కూరలాగా మా పెదనాన్న. లోపల వేడి ఎంతుందో చూడడానికి సన్నటి తీగ పెట్టారు, అది లోహం కాదట. యంత్రం తుమ్మెదలా మొదలై, సన్నగా రొద పెట్టింది. ఆయన కళ్ళు మూసుకోలేదు. పైనున్న దిమ్మని, దాన్ని కొనాలా వద్దా అన్నట్టు చూస్తూ ఉన్నాడు.

గంట తర్వాత బయటికొచ్చినప్పుడు మొహం చెమట పట్టి మెరుస్తోంది. “ఉంది” అన్నాడు పెద్దమ్మతో. “లోపల ఇనుముంది. కాలింది. ఇదిగో, తొడల మొదట్లో చురుక్కుమంది. వేడి అబద్ధమాడదు.”

పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళకి ఒక్కటి నమ్మాడు. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. నేను సంతోషం పట్టలేక, “మా పెదనాన్నకి వేడి తెలిసిందండీ, ఇప్పుడు నమ్మకం కుదిరింది” అని చెప్పాను.

“ఎక్కడ తెలిసిందండీ?” అని అడిగింది ఆవిడ. ఆయన చూపించాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “అది రేణువుల వేడి కాదండీ. ఈ యంత్రం శక్తికి చర్మం ముడతల దగ్గర మామూలుగానే వేడి పుడుతుంది. ఒంట్లో రేణువు ఒక్కటి లేకపోయినా అక్కడ చురుక్కుమంటుంది. అది మాకో ఇబ్బంది, ఈసారి తగ్గించి చూస్తాం. గడ్డలో వేడి పుట్టినట్టు తీగ చెప్పింది, కానీ అది మీకు తెలియదు.”

నాకు ఒళ్ళు మండింది. నమ్మిన మనిషిని నమ్మనిస్తే ఏం పోయింది? ఆ నాలుగు మాటలూ మింగేస్తే ఆవిడ సొమ్మేం పోయేది? పెదనాన్న అయస్కాంతం కోసం నా ముందు చెయ్యి చాపాడు. ఉంగరం పెట్టుకున్నాడు, బెల్టు కట్టుకున్నాడు. ఇక ఈయన మళ్ళీ రాడు అనుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దాటిపోయే దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే చదివాడు. మా స్టాపు దగ్గర పడ్డాక అన్నాడు.

“చాలా ఏళ్ళ క్రితం ఒకడు కాగితాల బస్తా తెచ్చాడు. త్రాసు మీద పెట్టబోతూ, ‘అయ్యా, అడుగున కొంచెం తడి ఉంది, వాన పడింది’ అన్నాడు. నేనడగలేదు. వాడే చెప్పాడు. ఆ తర్వాత వాడి బస్తా నేనెప్పుడూ విప్పి చూళ్ళేదు. అలాంటివాడు నాకు మళ్ళీ తగల్లేదు.” సీట్లోంచి లేస్తూ అన్నాడు: “ఈవిడ తగిలింది. ఆ చురుకుని నేను నిజమని కొనేశాను గదా. షెడ్డులో వేసుకున్నాను కూడా. అప్పుడు వచ్చి, తడి ఉందని చెప్పింది.”

“అంటే వస్తావా పెదనాన్నా?”

“యంత్రం మీద నాకు నమ్మకం లేదు” అన్నాడు. “ఆవిడ చెప్పిన రోజున లేస్తాను.”

అలా వారానికోసారి వెళ్ళేవాళ్ళం, మధ్యలో రేడియేషన్. అనుమానాలు పోలేదు. అవి పక్కకి జరిగాయంతే. నర్సుల మీద, రేడియేషన్ గది గడియారం మీద, ముఖ్యంగా మేస్త్రి మీద. ఎందుకంటే ఆ మధ్య మేస్త్రి కనిపించడం మానేశాడు. “వేలం అయిపోయింది, దొంగపాటగాడు వెళ్ళిపోయాడు” అన్నాడు. అక్కడితో వదిలేస్తాడనుకున్నాను. ఆసుపత్రి గేటు దగ్గర టీ అమ్మే ఆమెని అడిగి మేస్త్రి ఇల్లు ఎక్కడో కనుక్కుని, “పద, పట్టుకుందాం” అని నన్ను బయల్దేరదీశాడు.

ఊరు అయిపోయే చోట ఇల్లు. రెండు గదులు, పైన కట్టబోయిన మేడ, గోడలు మోకాలెత్తు లేచి ఆగిపోయాయి, ఇనప కడ్డీలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. మేస్త్రి భార్య తలుపు తీసింది. ఆయన మంచం మీద ఉన్నాడు, నడుం కింద రెండు దిండ్లు. ఆ బల్ల మీద చూసిన మనిషిలో సగమే ఉన్నాడు.

“నిన్ను పట్టుకుందామని వచ్చాను” అన్నాడు పెదనాన్న, గుమ్మంలోనే.

“ఏం దొంగతనం చేశానన్నా?” అని నవ్వాడు మేస్త్రి. నవ్వుతున్నప్పుడు నడుము పట్టుకున్నాడు.

“వాళ్ళు నీకేమిస్తారు? అందరి దగ్గరా ఆ వైద్యాన్ని పొగిడేవాడివి.”

“టీ కూడా ఇవ్వలేదన్నా. నా టీ నేనే కొనుక్కున్నాను.” కొంచెం ఊపిరి తీసుకుని చెప్పాడు: “నాకు ఆగలేదు. వేడి తగిలిన చోట తగ్గింది గానీ, తగలని చోట మొలకేసింది. ఎముకలోకి పోయింది. డాక్టరమ్మ దాచలేదు. నువ్వు ఆ బల్ల మీద కూర్చోక ముందే నాకు తెలుసు.”

“రాయిలా ఉన్నానన్నావు.”

“అన్నాను.”

“ఎందుకు?”

మేస్త్రి పైకప్పు వైపు చూశాడు. “నేను మొదటిసారి వచ్చిన రోజు నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. వైద్యం అయినాయనే. ఎలా ఉంటుందండీ అంటే మొహం తిప్పుకున్నాడు. వణుక్కుంటూ లోపలికి పోయాను. ఇంకెవరూ అలా పోకూడదనిపించింది. ఇంట్లో కూర్చుంటే నొప్పి గుర్తొస్తుంది, అక్కడ కూర్చుంటే ఎవరికో ఒకరికి చెప్పేదుంటుంది. పరంజా గోడలో కలవదన్నా. గోడ లేచాక విప్పి పారేస్తాం. కానీ అది లేకుండా మనిషి పైకెక్కలేడు.”

పెదనాన్నకి ఈ సమాధానం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మేస్త్రి భార్య స్టూలు తెచ్చి వేస్తే కూర్చున్నాడు.

“నాతో నిజం చెప్పుంటే బాగుండేది” అన్నాడు.

“చెప్తే లోపలికి పోయేవాడివా?”

పెదనాన్న పైన ఆగిపోయిన మేడ గురించి అడిగాడు. ఆ కడ్డీలకి తుప్పు పడుతుందని, గుడ్డ చుట్టించమని చెప్పాడు. ఇద్దరూ ఇనుము గురించి మాట్లాడుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు నాతో, “అబద్ధమని పసిగట్టాను చూడు, అది నిజమే. ఎవరి కోసమో మాత్రం పసిగట్టలేకపోయాను” అన్నాడు. ఆ మాటలో గెలిచిన సంతోషం లేదు.

ఆ వారం డాక్టరమ్మని నేరుగా అడిగాడు. “మేస్త్రికి పనిచెయ్యలేదు కదా?”

“ఇంకొకరి సంగతి నేను చెప్పకూడదండీ. మొత్తం మీద అడిగితే, కొందరిలో ఆగింది, కొందరిలో ఆగలేదు. మీది ఏ పక్కో ఇప్పుడే చెప్పలేను.”

“సరే” అని ఉంగరం తీసి నా చేతిలో పెట్టాడు.

తర్వాత నెలల్లో ప్రతి ఆదివారం మేస్త్రి ఇంటికి వెళ్ళేవాడు. కడ్డీలకి గుడ్డలు ఆయనే చుట్టాడు. మేస్త్రి వానాకాలం మొదట్లో పోయాడు. పెదనాన్న మోసుకెళ్ళే నలుగురిలో ఒకడయ్యాడు, వద్దన్నా వినలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు కొట్టు తెరవలేదు.

ఆయన వైద్యం అయిపోయింది. రక్తం పరీక్షలో ఆ అంకె దిగుతూ వచ్చింది. గడ్డ చిన్నదైంది. వేడి వల్ల తగ్గిందా, రేడియేషన్ వల్లా అని అడిగితే, “రెండూ ఇచ్చాం, విడదీసి చెప్పలేను” అంది డాక్టరమ్మ. ఆయన ఆ మాటని ఊళ్ళో అందరికీ మెచ్చుకుంటూ చెప్పేవాడు, వినేవాళ్ళకి అందులో మెచ్చుకోవలసిందేమిటో అర్థం కాకపోయినా. బల్ల మీద కొత్తవాళ్ళు ఎవరైనా ఎలా ఉంటుందని అడిగితే పక్కన కూర్చుని, “చురుక్కుమంటుంది, దానికి భయపడకండి. తగ్గుతుందో లేదో నాకు తెలీదు. కావాలంటే మీరు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను” అనేవాడు. ఉండేవాడు కూడా.

ఏడాది తిరిగేలోపు డాక్టరమ్మని వేరే ఊరి ఆసుపత్రికి మార్చారు. ఆవిడ స్థానంలో కొత్త డాక్టరు వచ్చాడు. తెల్లగా, నవ్వుతూ, చెయ్యి కలిపి మాట్లాడే మనిషి. కాగితాలు అటూ ఇటూ తిరగేసి, “పూర్తిగా పోయింది పెద్దాయనా. ఇక దీని ఊసే మర్చిపోండి, నూరేళ్ళు బతుకుతారు” అని భుజం తట్టాడు.

బయటికి రాగానే పెదనాన్న మొహం పాలిపోయింది. “ఏదో అయింది” అన్నాడు.

“మంచి మాటే కదా చెప్పాడు.”

“అంత మంచి మాట ఎవడు చెప్తాడమ్మా ఊరికే?”

ఆ రోజు ముద్ద దిగలేదు. మర్నాడు కూడా సరిగ్గా తినలేదు. చివరికి డాక్టరమ్మ నంబరు కనుక్కుని ఫోన్ కలిపి ఇచ్చాను. ఆయన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని సంగతంతా చెప్పాడు. అవతల నుంచి ఆవిడ గొంతు నాకూ వినిపించింది.

“చూడకుండా నేనేం చెప్పలేనండీ. కాగితాలు తీసుకుని రండి.”

పెదనాన్న బిగిసిన భుజాలు వదులయ్యాయి. రైలెక్కి వెళ్ళాం. ఆవిడ కొత్త గదిలో ఇంకా పెట్టెలు విప్పలేదు, కాగితాలు ఒళ్ళో పెట్టుకునే చదివింది. స్కానుని కిటికీకి ఎత్తిపట్టి చాలాసేపు చూసింది. “ఇప్పటికి ఏమీ కనిపించడం లేదు. పోయిందని నేననను. మళ్ళీ వచ్చే ఏడాది చూద్దాం” అంది.

స్టేషన్ పక్కన హోటల్లో పెదనాన్న రెండోసారి అడిగి మరీ అన్నం వేయించుకున్నాడు.